పాత స్పోర్ట్స్ కారు కొనాలా? మొదటి ఏడాది కట్టేది పాత ఓనర్ల బాకీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదహారేళ్ల కిందటి రెండు సీట్ల కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. 62,000 కిలోమీటర్లే తిరిగింది. ముగ్గురు ఓనర్లు మారారు, గత రెండేళ్లుగా గ్యారేజీలో కవర్ కప్పి ఉంచారు. "ఆ డబ్బుకు మంచి కొత్త కారే వస్తుంది కదా" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి మీకు వేరే కారు ఉంది. ఇలాంటి కారు ఇంట్లో ఉంటే అసలు ఎలా ఉంటుంది, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు.

నేను పద్నాలుగేళ్లుగా పాత స్పోర్ట్స్ కార్లు నడుపుతున్నాను. ముందు కొన్నది మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5, టాప్ దించుకునే చిన్న రెండు సీట్ల కారు, నా దగ్గర తొమ్మిదేళ్లు ఉంది. ఇప్పుడున్నది సీట్ల వెనకాలే ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉండే కన్వర్టిబుల్, దానికి నా దగ్గర ఐదేళ్లు నిండాయి. రెండింటితోనూ నాకు అర్థమైంది ఒకటే. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్న మొదటి ఏడాది మనం కట్టేదంతా పాత ఓనర్లు వాయిదా వేసిన బాకీ. ఆ ఏడాది ఓపిక పట్టినవాళ్లకే కారు దక్కుతుంది. చాలామంది ఇంకొంచెంలో బాకీ తీరిపోతుందనగా విసిగిపోయి అమ్మేస్తారు. కొన్నవాళ్లకు మళ్లీ మొదటి ఏడాది మొదలవుతుంది. ఈ కార్లు అన్ని చేతులు మారడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ముందు సంతోషం గురించే చెబుతాను. అది లేకపోతే మిగతా ఖర్చుకు, తిరుగుడుకు అర్థమే లేదు.

స్పోర్ట్స్ కారు అనగానే అందరికీ స్పీడే గుర్తొస్తుంది. నా ఎంఎక్స్-5లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్ పవర్. ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కార్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. సిగ్నల్ పడగానే పక్కనున్న ఎస్‌యూవీ నన్ను దాటేసి వెళ్లిపోయేది. అయితే ఆ కారు బరువు ఒక టన్నుకు లోపే. బరువు తక్కువ కాబట్టి సన్న టైర్లు చాలు, చిన్న బ్రేకులు చాలు, రోడ్డుకూ చేతికీ మధ్య అడ్డుపడేవి తగ్గిపోతాయి. ముందు చక్రం ఇసుక మీదకు ఎక్కితే అరచేతికి తెలిసిపోతుంది. గరుకు తారు నుంచి నున్నటి తారు మీదకు వస్తే నడుముకు తెలుస్తుంది. ఆ కారు 1989లో వచ్చింది. దాని గురించి మాజ్డా చెప్పుకునే మాట "జిన్బా ఇట్టాయ్", అంటే గుర్రమూ రౌతూ ఒకటైపోవడం. ప్రకటనల మాటలను నేను పెద్దగా పట్టించుకోను గానీ ఇది మాత్రం నిజం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనే ఆ సంగతి తెలుస్తుంది, లైసెన్సు పోగొట్టుకునేంత స్పీడు అక్కర్లేదు.

అది ఎలా ఉంటుందో ఒక్క మలుపు దగ్గర చూపిస్తాను. ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. టాప్ దించి ఉంది, చలిగాలి మెడకు తగులుతోంది, హీటర్ వేడి కాళ్లకు తగులుతోంది. రోడ్డు ఎడమకు తిరుగుతోంది. కుడికాలి ముందు భాగంతో బ్రేక్ తొక్కి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తాకాలి. ఇంజిన్ చిన్నగా గొంతెత్తుతుంది. సరిగ్గా ఆ లిప్తలో మూడో గేరు నుంచి రెండోదానికి లాగాలి. ఆ కారులో గేర్ లివర్ ప్రయాణం ఎంత తక్కువంటే భుజం కదపక్కర్లేదు, మణికట్టు తిప్పితే చాలు. లోపల లోహం లోహానికి తాకి కుదురుకోవడం వేళ్లకు తెలుస్తుంది. ఇంజిన్ వేగమూ చక్రాల వేగమూ కలిశాక క్లచ్ వదిలితే కారు ఏమాత్రం కుదుపు లేకుండా మలుపులోకి జారుకుంటుంది. మొదటి ఆరు నెలల్లో ఇది నాకు పదిసార్లకు ఒకసారి కుదిరేది. కుదిరిన రోజు ఆఫీసులో కూర్చున్నా మనసంతా ఆ మలుపు దగ్గరే ఉండేది. కొత్త కార్లలో ఈ పని కంప్యూటర్ చేసిపెడుతుంది, పొరపాటు లేకుండా చేస్తుంది కూడా. కానీ అది నేను నేర్చుకుని చేసిన పని కాదు కదా.

ఇక బాకీ సంగతి.

నేను ఎంఎక్స్-5 కొన్నప్పుడు అది చూడ్డానికి బాగుంది, నడపడానికి బాగుంది. సర్వీసు పుస్తకంలో మాత్రం చివరి నాలుగేళ్ల పేజీలు ఖాళీ. అమ్మినాయన "ఏ ప్రాబ్లమూ రాలేదండీ, అందుకే చేయించలేదు" అన్నాడు. ఆ మాట ఆయన నిజాయితీగానే అన్నాడు, నేనే దాని అర్థం పట్టుకోలేదు. ఇంజిన్ వాల్వులు వేళకు తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు, కాబట్టి మార్చాలి. బెల్టు విప్పినప్పుడే వాటర్ పంప్ కూడా మార్చేయాలి, లేకపోతే ఏడాదిలో అదే కూలి మళ్లీ కట్టాలి. రేడియేటర్ పైన ఉండే ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి, నా కారులో అది పాచి పట్టినట్టు ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగింది. ఆ రంగు వచ్చిందంటే ప్లాస్టిక్ పెళుసెక్కింది, పగలడానికి సిద్ధంగా ఉందని అర్థం. టైర్లకు బటన్ బోలెడంత ఉంది గానీ వాటి వయసు పదకొండేళ్లు. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు అన్నీ ఎండిపోయి పగుళ్లిచ్చాయి. కారు కొన్న ధరలో దాదాపు మూడో వంతు మొదటి పది నెలల్లోనే పెట్టాను. అందులో ఒక్కటి కూడా నేను పాడుచేసింది కాదు.

ఆ ఏడాదిలో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం తడి కార్పెట్. వాన పడిన మర్నాడు డోరు తీస్తే ముక్కవాసన. సీటు వెనక చేయి పెట్టి నొక్కితే నీళ్లు ఊరుతున్నాయి. టాప్ చిరిగిందేమోనని వెతికాను, డోరు రబ్బర్లు చూశాను, ఎక్కడా ఏమీ లేదు. చివరకు తెలిసిందేమిటంటే, టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక ఉన్న రెండు మూలల నుంచి గొట్టాల్లోకి దిగి, వెనక చక్రాల ముందు నేల మీదకు పోతాయి. ఆ గొట్టాల్లో ఏళ్ల తరబడి ఆకులూ మట్టీ చేరి గట్టి ముద్దయిపోయాయి. గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగ ముక్క ఒకటి తీసుకుని మెల్లగా లోపలికి పంపాను. కొంతదూరం పోయి ఆగింది. తిప్పుతూ నొక్కితే ఒక్కసారిగా దారి దొరికి, కారు కింద నుంచి నల్లటి నీళ్లు బుడబుడమని పడ్డాయి. సీసాతో నీళ్లు పోసి, అటునుంచి తేటనీళ్లు వచ్చేదాకా అలాగే చేశాను. పైసా ఖర్చు లేదు, ఇరవై నిమిషాల పని. అది చేయకపోతే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. ఆ నీళ్లు డోరు కింద ఉండే బోలు ఇనుప పట్టీలోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. పైన రంగు ఉబ్బి కనిపించేసరికి లోపల ఇనుము తినేసి ఉంటుంది. ఆ తరం ఎంఎక్స్-5లు చాలావరకు ఇంజిన్ చెడిపోయి పోలేదు, ఆ పట్టీలు తుప్పుపట్టి పోయాయి.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, పాత స్పోర్ట్స్ కార్ల సమస్యల్లో చాలావరకు ఇలాంటివే. మొదట చిన్న పని. దాన్ని ముగ్గురు ఓనర్లు మూడుసార్లు పక్కన పెడితే పెద్ద పని అవుతుంది.

మీరు చెప్పిన కారులో నాకు భయం వేసింది వయసును చూసి కాదు, ఓనర్ల లెక్క చూసీ కాదు. రెండేళ్లు కవర్ కింద ఉందన్నారే, అది. అమ్మేవాళ్లు దాన్ని గొప్పగా చెబుతారు, "అసలు బయటకే తీయలేదండీ" అని. ఈ కార్లకు తిరగకపోవడమే జబ్బు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ కనీసం 155కి పడిపోతుంది. బ్రేక్ డిస్కును పట్టుకునే కాలిపర్లలో పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది. ఒకేచోట బరువు మోసిన టైర్లు అడుగున చదునవుతాయి. ఆయిల్ తగలక సీళ్లు ఎండుతాయి. అప్పటిదాకా ఆయిల్ కారని ఇంజిన్, మీరు కొని నెల రోజులు తిప్పాక కారడం మొదలుపెడుతుంది. ఎలుకలు వైర్లు కొరకడం వేరే కథ. వీటిలో చాలావాటికి మందు ఉంది, అన్నీ కలిపితే మంచి ఖర్చే అవుతుంది. కాబట్టి 62,000 అన్న అంకె చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ప్రతి ఏడాదీ ఆయిల్ మారిన కారు ఇదే మోడల్‌లో దొరికితే నేను దాన్నే కొంటాను.

విసుగు సంగతీ చెప్పాలి. బ్రేక్‌డౌన్ కంటే ఎదురుచూపు ఎక్కువ చిరాకు పెడుతుంది. పార్టు దొరకదు, దొరికినా తప్పు పార్టు వస్తుంది, వచ్చిన పార్టు బిగించేవాడికి ఈ కారు కొత్త. నా రెండో కారుతో ఇది బాగా అనుభవించాను. కొన్న ఏడు నెలలకు ఒక ఉదయం స్టార్ట్ చేస్తే వెనక నుంచి తెల్లటి పొగ మేఘంలా లేచింది. వీధి చివర కనబడలేదంటే నమ్మండి. ఈ రకం ఇంజిన్‌లో సిలిండర్లు నిలువుగా కాకుండా అడ్డంగా పడుకుని ఉంటాయి, అందువల్ల స్టార్టింగ్‌లో అప్పుడప్పుడు కాస్త పొగ రావడం మామూలే. ఇది అలాంటిది కాదు. దగ్గర్లోని ఒక వర్క్‌షాపుకు పంపాను. పొగ చూసీ చూడగానే "రింగులు పోయాయి సార్, ఇంజిన్ దించాలి" అన్నారు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో, చూశారా అని అడిగితే, అక్కర్లేదు, అనుభవం మీద చెబుతున్నామన్నారు. వాళ్లు చెప్పిన అంచనా కారు ధరలో సగం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ల ముఖం చూడాలంటే టెన్షన్.

మర్నాడు కారు వెనక్కి తెప్పించుకుని, ఈ ఇంజిన్లు మాత్రమే చేసే ఒకాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన పానాలు ముట్టుకోలేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయబోయాడు. అది రాలేదు, లోపల నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు బిగుసుకుపోయింది. గట్టిగా లాగి తీయగానే ఇంజిన్ తడబడింది. "రింగులు బాగానే ఉంటాయి, సెపరేటర్ పోయి ఉంటుంది" అన్నాడు. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లో పుట్టే ఆవిరి నుంచి ఆయిల్‌ను వేరు చేసి కిందికి పంపే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల పల్చటి రబ్బరు పొర. ఆ పొర చిరిగితే ఇంజిన్ పీల్చే గాలితోపాటు ఆయిల్ కూడా లోపలికి వెళ్లి కాలి పొగవుతుంది. డబ్బా మార్చారు, అది ఉన్న ఇరుకు చోటుకు చేయి దూర్చడానికే సగం రోజు పట్టింది. ఆ తర్వాత కంప్రెషన్ చూస్తే ఆరు సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపించాయి. నాలుగేళ్లు దాటింది, ఆ పొగ మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. కొలత లేకుండా ఇంజిన్ విప్పనివ్వను. కంప్రెషన్ చూడాలి, అనుమానం ఉంటే లీక్‌డౌన్ కూడా చూడాలి. అంటే సిలిండర్‌లోకి గాలి నింపి, అది ఎక్కడి నుంచి తప్పించుకుంటోందో వినడం. ఆయిల్ మూత దగ్గర బుసబుసమంటే రింగులు, సైలెన్సర్ దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు వస్తే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్. కారు కొనకముందే మీ దగ్గర్లో ఆ మోడల్ తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేడో కనుక్కోండి. అలాంటివాడు దొరక్కపోతే ఆ మోడల్ వదిలేసి, దొరికే మోడల్ కొనుక్కోవడమే మంచిది. ఈ సలహా చాలామందికి నచ్చదు. నేను మాత్రం దాని మీదే నిలబడతాను.

ప్రతి మోడల్‌కూ ఒక పేరున్న జబ్బు ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి. 1996లో వచ్చిన మొదటి తరం పోర్షా బాక్‌స్టర్, దాని తర్వాత వచ్చిన 996 తరం 911 మామూలు మోడళ్లు చూస్తుంటే, ఐఎంఎస్ బేరింగ్ గురించి అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఇంజిన్ క్రాంక్ షాఫ్టు నుంచి, వాల్వులను తెరిచే క్యామ్‌ల చెయిన్లను తిప్పే మధ్య షాఫ్టు చివర ఉండే బేరింగ్ అది. అది విరిగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజిన్ మొత్తం పోతుంది. అన్ని కార్లలో పోదు, పోయేటప్పుడు మాత్రం పెద్దగా హెచ్చరిక ఇవ్వదు. క్లచ్ మార్చేటప్పుడు గేర్ బాక్స్ ఎలాగూ దించుతారు, అప్పుడే ఆ బేరింగూ, దాని పక్కన ఉండే వెనక సీలూ మార్చేయడం తెలివైన పని. అంటే క్లచ్ మార్చిన బిల్లులో ఈ రెండూ ఉన్నాయా లేదా అని చూడండి. 2006 తర్వాతి కొన్ని ఇంజిన్లలో ఆ బేరింగ్ పెద్దది, బలమైనది, అయితే ఇంజిన్ విప్పకుండా బయటకు రాదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు.

బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 అయితే లిఫ్ట్ ఎక్కించి వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు చిరిగిందేమో చూడాలి. మాజ్డా ఆర్ఎక్స్-8లో పిస్టన్లు ఉండవు, మూడు ముఖాల రోటర్లు తిరుగుతాయి. దాని కంప్రెషన్ మామూలు గేజ్‌తో చూస్తే మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నది మాత్రమే కనిపిస్తుంది, దానికి వేరే టెస్టర్ కావాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తే వదిలేసి వచ్చేయండి. అది కొంచెం ఆయిల్ తాగడం మాత్రం జబ్బు కాదు, దాన్ని చేసిందే అలా. హోండా ఎస్2000 మొదటి మోడళ్ల ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, అంత పైన తిప్పేవాళ్లు పెట్రోలు కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ కూడా చూసుకోవాలి.

ఇప్పుడు కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చేయాలో చెబుతాను. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవీ, దాదాపు ఒకే వయసువీ అయితే ఆ ఓనరు డబ్బు పెట్టే మనిషే. రెండు కంపెనీలు, మూడు వయసులు ఉంటే ఇంజిన్ ఆయిల్ విషయంలోనూ అలాగే చేసి ఉంటాడు. నేను కారు గురించి కంటే ఓనరు గురించి టైర్ల దగ్గరే ఎక్కువ తెలుసుకుంటాను.

తర్వాత చిన్న స్కానర్ ఒకటి తీసుకెళ్లండి. ఎర్రర్ కోడ్‌లు లేవు కదా అని అక్కడితో ఆపకండి. రెడీనెస్ మానిటర్లు అని ఒక పేజీ ఉంటుంది, కారు తనను తాను పరీక్షించుకున్న లెక్క అది. కోడ్‌లు చెరిపేస్తే ఆ లెక్క కూడా చెరిగిపోతుంది, మళ్లీ పూర్తి కావడానికి కొంతకాలం నడపాలి. కోడ్‌లు ఏమీ లేకుండా, మానిటర్లు చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే, ఎవరో ఈమధ్యే చెక్ ఇంజిన్ లైటు ఆర్పారు, లేదా బ్యాటరీ తీశారు. మీ కారు రెండేళ్లు ఆగి ఉంది కాబట్టి బ్యాటరీ మార్చి ఉండొచ్చు, అది తప్పు కాదు. అయితే అప్పుడు స్కానర్ చెప్పేది నమ్మడానికి లేదు, ఇంకో వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి.

బాడీకి పుట్టీ పెట్టారేమో చూడ్డానికి పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే మంచిది. లేకపోతే ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లి, కారు పక్కన వంగి, పొడవునా చూడండి. ప్రతిబింబం ఎక్కడ అలలాగా వంకరపోతే అక్కడ పని జరిగింది. కార్పెట్ నాలుగు మూలలా చేత్తో నొక్కండి, ఎందుకో ఇప్పటికే చెప్పాను.

రోజువారీ చికాకుల గురించి ఎక్కువ చెప్పను, మీరే ఊహించగలరు. స్పీడ్ బ్రేకర్ చూస్తే గుండె ఝల్లుమంటుంది, ఏటవాలుగా ఎక్కించడం అలవాటవుతుంది. నలుగురం కలిసి ఎక్కడికీ వెళ్లలేం. పెద్దవాళ్లు ఎక్కడం ఒక కష్టం, దిగడం రెండు కష్టాలు. పార్కింగ్‌లో పక్క కారు డోరు తగులుతుందేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తాం. ఇవన్నీ నెల రోజుల్లో అలవాటైపోతాయి. అలవాటు కానిది ఒకటుంది, శబ్దాలు. ఈ కార్లలో సౌండ్ ప్రూఫింగ్ తక్కువ కాబట్టి ప్రతి టిక్కూ వినబడుతుంది. రోడ్డు చెప్పేదంతా మన చెవికీ చేతికీ చేరే దారిలోనే కారు బాధ కూడా చేరుతుంది. నా ఎంఎక్స్-5 చల్లగా ఉన్నప్పుడు టకటకమని ట్యాపెట్ చప్పుడు, అంటే వాల్వులను నెట్టే భాగాల చప్పుడు, చేసేది. వారం రోజులు దాని గురించే ఆలోచించాను. మంచి ఆయిల్ మార్చి, అరగంట వేడెక్కేలా నడిపితే పోయింది. ఇప్పుడు ఏ చప్పుడు ఆగి చూడాల్సిందో, ఏది వయసు చేసే చప్పుడో తెలుసు. ఆ తేడా తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ప్రతి ప్రయాణంలోనూ ఎంతో కొంత ఆందోళన ఉండేది, అది దాచను.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంజిన్ మధ్యలో ఉండే కారులో మలుపు సగంలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీయకండి. బరువు ముందుకు వెళుతుంది, వెనక టైర్ల మీద బరువు తగ్గుతుంది, వెనక భాగం బయటకు తిరుగుతుంది. తడి రోడ్డు, గట్టిపడ్డ పాత టైర్లు తోడైతే సరిదిద్దుకునే టైము ఉండదు. స్పీడు మలుపుకు ముందే తగ్గించుకోవాలి. కారు కొనగానే పెట్టే మొదటి ఖర్చు టైర్ల మీద, రెండోది బ్రేక్ ఆయిల్ మీద పెట్టండి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తెలిసినవాడి దగ్గర చేయించండి. బుష్‌లు బాగుండి అలైన్‌మెంట్ సరిగ్గా ఉంటే, అంతకుముందు వారం మీరు నడిపిన కారు ఇదేనా అనిపిస్తుంది. పవర్ పెంచే పార్టుల ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోవద్దు.

కొన్నాక కనీసం రెండు వారాలకొకసారి బయటకు తీయండి. వీధి చివరి దాకా వెళ్లి రావడం తీసినట్టు కాదు, అలా చేస్తే ఆయిల్‌లో నీటి తేమ చేరుతుందే గానీ ఆవిరై పోదు. ఇంజిన్ నీళ్ల వేడి చూపించే ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా టైము కావాలి. ఇందాక చెప్పిన ఎం3లో టాకోమీటర్ చుట్టూ చిన్న దీపాలు ఉంటాయి, ఆయిల్ వేడెక్కే కొద్దీ అవి ఒక్కొక్కటే ఆరిపోతూ ఎంతదాకా తిప్పవచ్చో చూపిస్తాయి. మీ కారులో ఆ దీపాలు లేకపోయినా ఉన్నట్టే అనుకుని నడపండి. మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా, ఆ తర్వాత మీ ఇష్టం.

ఇంతకూ కొనాలా అంటే, మీకు రోజూ వాడే కారు వేరే ఉంది కాబట్టి కొనమనే చెబుతాను. ఉన్న ఒక్క కారూ ఇదే అయితే వద్దనేవాణ్ని, సోమవారం ఉదయం స్టార్ట్ కాకపోతే ఆ కోపం కారు మీదకు పోతుంది, ప్రేమంతా ఆవిరైపోతుంది. మీ దగ్గర ఉన్న మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి, మూడు భాగాలకు వచ్చే కారు చూడండి, నాలుగో భాగం మొదటి ఏడాది బాకీకి పక్కన పెట్టండి. ఆ నాలుగో భాగం లేకుండా కొంటే ఆరో నెలలో అమ్మేస్తారు. ఇంట్లోవాళ్లకు కూడా ఆ లెక్క ముందే చెప్పండి. ఖర్చు కంటే, ముందు చెప్పని ఖర్చు ఎక్కువ గొడవ పెడుతుంది.

ఈ కారు విషయానికి వస్తే, ఇప్పుడున్న ఓనరు దగ్గర ఎన్నేళ్లు ఉందో మీరు రాయలేదు, మొదట అది అడగండి. రెండేళ్లే అయితే, ఆ రెండేళ్లూ కవర్ కిందే ఉంటే, ఆయన మొదటి ఏడాది బాకీ మొదలే పెట్టలేదు, అదంతా మీ మీదే పడుతుంది. ధరలో ఆ మేరకు తగ్గించమని అడగండి. ఏడెనిమిదేళ్లుగా ఉండి, బిల్లుల ఫైలు చేతికిస్తే, అప్పుడు బేరం మరీ గట్టిగా ఆడొద్దు. చూడ్డానికి వెళ్లే ముందు రోజు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయమనండి, వెనక సైలెన్సర్ దగ్గర మీరు నిలబడండి. గోరువెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడిగి, ఆయన ఏం చెబుతాడో పూర్తిగా వినండి. ఆ మొదటి నిమిషంలో ఏం కనబడిందో, ఏం వినబడిందో రాయండి, మిగతాది కలిసి చూద్దాం.